ఇంట్లో వినడానికి మొదటి మంచి హెడ్‌ఫోన్: ఫ్యాన్ హోరు, ఉక్కపోత, 15 వేల బడ్జెట్

లంకతోట, రాజోలు

నమస్కారం అండి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని పాటలు వినడానికి మంచి వైర్ హెడ్‌ఫోన్ ఒకటి కొందామని ఉంది. ఇదే మొదటిది, కొన్నది నాలుగు కాలాలపాటు ఉండాలి. సలహా చెప్పేవాళ్లకి తేలికవుతుందని వివరాలన్నీ ముందే రాసేస్తున్నాను.

వినేది రాత్రి 9 తర్వాత, డాబా మీది గదిలో. ఏసీ లేదు. సీలింగ్ ఫ్యాన్ నాలుగు మీద తిరుగుతుంది, కిటికీలు తీసే ఉంటాయి. చుట్టూ రొయ్యల చెరువులు, వాటి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరు తెల్లవార్లూ ఉంటుంది. పక్క గదిలో పిల్లలు పడుకుంటారు, తలుపు వేసుకోవచ్చు.

వినేవి ఘంటసాల, సుశీల గార్ల కాలం నాటి పాటలు, మా శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారి కచేరీలు, ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు గార్ల వీణ. కొత్త పాటలు తక్కువ. సగానికి పైగా యూట్యూబ్‌లోనే. ఆండ్రాయిడ్ ఫోను, దానికి 3.5 ఎం.ఎం. జాక్ లేదు. ల్యాప్‌టాప్‌కి ఉంది. కళ్లజోడు పెట్టుకుంటాను. అన్నీ కలిపి 15 వేలు దాటకూడదు.

ఓపెన్ బ్యాక్ తీసుకోవాలా, క్లోజ్డ్ బ్యాకా? యాంప్లిఫయర్ విడిగా కొనాలా? పెట్టుకుని చూసి కొనే దుకాణం దగ్గర్లో లేదు, ఆన్‌లైన్లోనే తెప్పించుకోవాలి. వచ్చినది సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? వానాకాలంలో ఇక్కడ తోలు చెప్పులకే బూజు పడుతుంది, మరి హెడ్‌ఫోన్ సంగతేంటి?


గౌతమీగట్టు, యానాం

లంకతోట గారూ, మోడల్ పేరు ఆఖర్న చూసుకోవచ్చు. ముందు గది సంగతి తేల్చుకోవాలండి.

క్లోజ్డ్ బ్యాక్‌కి వెనక మూత ఉంటుంది. ఓపెన్ బ్యాక్ అంటే శబ్దం పుట్టించే డ్రైవర్ వెనక వైపు మూత ఉండదు, జాలీ ఉంటుంది. అందుకే పాట చెవుల మధ్య ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త విశాలంగా వినిపిస్తుంది. ఆ జాలీలోంచి పాట బయటికి పోయినట్టే ఫ్యాన్ చప్పుడు లోపలికి వస్తుంది, ఆపేదంటూ దాదాపు ఏమీ ఉండదు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, రాత్రి మీరు కూర్చునే చోటే ఫ్యాన్ తిరుగుతుండగా ఒకసారి, ఆపి ఒకసారి కొలవండి. ఫోన్ మైకు కచ్చితమైన అంకె చెప్పదు గానీ రెండింటి మధ్య తేడా తెలుస్తుంది. గట్టిగా తిరిగే ఫ్యాన్ కింద 50 డెసిబెళ్లు, కాస్త అటూఇటూగా రావడం మామూలే. పాటని సగటున 70 దగ్గర పెట్టుకుంటే మీకు మిగిలేది 20 డెసిబెళ్లు. సినిమా పాటకి అది చాలు. వీణకి చాలదు. మీటు పడ్డాక గమకం సాగి, సన్నబడి, ఆగిపోయేదాకా వినాలి కదా, ఆ చివరి భాగమంతా ఫ్యాన్ హోరులో కలిసిపోతుంది. తంబుర శ్రుతీ అంతే. అది వినబడటం లేదని చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది, చెవికి చేటు వచ్చేది అక్కడే.

పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 89 దగ్గర వారం మొత్తానికి 5 గంటలే. ఫ్యాన్‌తో పోటీపడి వాల్యూమ్ పెంచేవాళ్లు తెలియకుండానే అక్కడిదాకా వెళ్లిపోతారు.

క్లోజ్డ్ బ్యాక్ అయితే చప్పుడంతా ఆగిపోతుందనీ అనుకోకండి. వెయ్యి హెర్ట్జ్ పైన ఉండే సన్నటి చప్పుళ్లని బాగా తగ్గిస్తుంది, 200 కింద ఉండే బొంగురు హోరుకి చేసేది తక్కువ. ఏరేటర్ రెక్కలు నీళ్లని కొట్టే చప్పుడు తగ్గుతుంది, మోటారు గుయ్యిమనేది మిగులుతుంది. వీణకి అదే పెద్ద మేలు, ఎందుకంటే మీటు స్పష్టత ఉండేది ఆ పై భాగంలోనే.

మరి చెమట? రెగ్జిన్‌లాంటి కృత్రిమ తోలు ప్యాడ్లు మన ఉక్కపోతలో అరగంట దాటితే చెవి చుట్టూ తడి చేసేస్తాయి. క్లోజ్డ్ బ్యాకే, కానీ వెల్వెట్ లాంటి వెలూర్ ప్యాడ్లతో వచ్చేది చూసుకోవాలి. మీరు చెప్పిన గదికి నా ఓటు బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్‌ల రకం (ఓమ్‌లు అంటే కరెంటుకి అది ఇచ్చే నిరోధం). అదే పేరుతో 32, 250 ఓమ్‌ల రకాలూ ఉన్నాయి, ఆర్డర్ పెట్టేటప్పుడు జాగ్రత్త. 32 ఓమ్‌లదానికి వచ్చేవి కృత్రిమ తోలు ప్యాడ్లు, మీకొద్దు. 80 దానికి బూడిద రంగు వెలూర్ ప్యాడ్లు వస్తాయి, విడిగా కూడా దొరుకుతాయి. బయటి చప్పుడు సుమారు 18 డెసిబెళ్లు తగ్గుతుందని కంపెనీ లెక్క. ధర మీ బడ్జెట్ అంచున ఉంటుంది, ఆఫర్లు వచ్చేదాకా ఆగితే మంచిది.

దాని లోపం కూడా చెప్పాలి. 8 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే బాగా పై స్వరాల్లో, కాస్త పదును ఎక్కువ. పాత రికార్డింగుల్లో స, శ, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఏ స్వరాలు ఎంత వినబడాలో పెంచీ తగ్గించే ఈక్వలైజర్‌తో సరిదిద్దుకోవచ్చు గానీ, ఆ పని అసలు ఇష్టం లేనివాళ్లు ఇది కొనకూడదు.


ఉప్పుటేరు, భీమవరం

గౌతమీగట్టు గారి లెక్క సరైనదేనండి, కానీ ఫ్యాన్‌ని మార్చలేని వస్తువుగా ఎందుకు తీసుకోవాలి? ఇంట్లో పాతకాలపు గాత్రం, వీణ వినేవాళ్లకి ఓపెన్ బ్యాక్ ఇచ్చే సహజత్వం ఈ ధరలో క్లోజ్డ్ బ్యాక్ ఇవ్వదు. మూసిన కప్పులో శబ్దం గోడకి తగిలి వెనక్కొచ్చి కింది స్వరాలని బరువెక్కిస్తుంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ ఉబ్బినట్టు వినిపించేది అందుకే.

ఫ్యాన్ చప్పుడు రెండు రకాలు, ఒకటి గాలిది, రెండోది మోటారు గుర్రు. రెండోది చాలా ఇళ్లలో తగ్గించుకోగలిగేదే. గుండ్రంగా తిప్పే పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతుంది, అందుకే వేగం తగ్గించినకొద్దీ మోటారు గుయ్యిమంటుంది. ఒకటి, రెండు, మూడు అని టక్‌మని పడే కెపాసిటర్ రెగ్యులేటర్ బిగిస్తే ఆ గుయ్ తగ్గిపోతుంది. ఎలక్ట్రీషియన్‌కి పావుగంట పని. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారగానే ఫ్యాన్ గుర్రు పెరిగిందంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, సైన్ వేవ్ దానితో ఆ బాధ ఉండదు. వినే గంటన్నర సేపు సీలింగ్ ఫ్యాన్ ఆపి, రెండు మూడు మీటర్ల దూరంలో పెడస్టల్ ఫ్యాన్ చిన్న వేగంలో పెట్టుకుంటే ఇంకా మేలు. గాలి ఒంటికి తగలాలి, చెవి కప్పులకి కాదు. ఓపెన్ బ్యాక్ జాలీ మీదికి నేరుగా గాలి కొడితే ఆ ఝుయ్ లోపల వినిపిస్తుంది.

పిల్లలు పక్క గదిలోనే కాబట్టి మామూలు వాల్యూమ్‌లో వింటే తలుపు దాటి పాట వినబడదు. అదే గదిలో పడుకునేవాళ్లయితే నేనూ ఓపెన్ బ్యాక్ వద్దనేవాణ్ణి.

ఈ దారిలో వెళ్తే సెన్‌హైజర్ హెచ్‌డి 560ఎస్ చూడండి. 120 ఓమ్‌లు, బరువు 240 గ్రాములు, వెలూర్ ప్యాడ్లు, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. గొంతు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, కింది స్వరాలు లోతుగా ఉన్నా ఉబ్బవు. కొత్తలో తలని గట్టిగా నొక్కుతుంది. తల వెడల్పుకి కొంచెమే ఎక్కువగా పుస్తకాలు పేర్చి రాత్రంతా వాటికి తగిలించి ఉంచితే వదులవుతుంది, బలంగా లాగి విరిచేయకండి. అన్నగారైన హెచ్‌డి 600 1997 నుంచీ ఉంది, ప్యాడ్ల నుంచి వైరు దాకా విడి భాగాలు దొరుకుతాయి, గాత్రానికి ఇంకా బాగుంటుంది. మీ బడ్జెట్‌కి అందదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

కళ్లజోడు మాట ఎవరూ ఎత్తలేదు. జోడు కాడ ప్యాడ్ కింద సందు చేస్తుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో ఆ సందులోంచి కింది స్వరాలు కారిపోతాయి, మృదంగం సన్నగా పలుకుతుంది. ఓపెన్ బ్యాక్‌కి ఆ ఇబ్బంది తక్కువ. ఏది కొన్నా వినేటప్పుడు సన్న లోహపు కాడల జోడు పెట్టుకోండి, లావాటి ప్లాస్టిక్ ఫ్రేము వద్దు.


టంకం, తణుకు

ఓపెనా క్లోజ్డా అన్నది మీ ఇష్టం. యాంప్లిఫయర్ ప్రశ్నకి మాత్రం లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మొదటిసారి కొనేవాళ్ల చేత అనవసరంగా డబ్బు పెట్టించేది ఇదే.

ఓమ్‌లు ఎక్కువైతే యాంప్ తప్పదని అంటుంటారు. ఓమ్‌లొక్కటే చూస్తే తెలియదండి, దాని పక్కనే రాసే సున్నితత్వం కూడా చూడాలి. డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది 1 మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెళ్లు పలుకుతుంది. జాక్ లేని ఫోన్‌కి హెడ్‌ఫోన్ కలపడానికి తగిలించే చిన్న ముక్క, డాంగిల్, మంచిదైతే 1 వోల్టు ఇస్తుంది. 80 ఓమ్‌లలో 1 వోల్టు అంటే 12.5 మిల్లీవాట్లు, దానివల్ల 11 డెసిబెళ్లు కలుస్తాయి, మొత్తం 107. హెచ్‌డి 560ఎస్‌కి కంపెనీ ఇచ్చే అంకె నేరుగా 1 వోల్టుకి 110. మీరు సగటున 70, 75 దగ్గర వింటే పాటలో ఎగిసే చోట్లకి ఇంకో 20 కావాలి, అంటే 95. రెండింటికీ చాలినంత మిగులు ఉంది. బేయర్‌డైనమిక్ వాళ్లదే ఓపెన్ బ్యాక్ డీటీ 990 ప్రో 250 ఓమ్‌లది అయినా ఇదే లెక్కన 102 వస్తుంది, కాకపోతే చిన్న స్థాయిలో రికార్డయిన పాత కచేరీలకి అక్కడ వాల్యూమ్ చివరిదాకా తిప్పాల్సి రావచ్చు. కాబట్టి బల్ల మీద పెట్టే యాంప్ ఇప్పుడు కొనకండి. ఆ డబ్బు హెడ్‌ఫోన్‌లో పెట్టండి, డాంగిల్‌కి వెయ్యి నుంచి పదిహేను వందల దాకా పక్కన ఉంచుకోండి.

డాంగిల్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. టైప్-సీ నుంచి 3.5కి మార్చేవి రెండు రకాలు. ఒకదాంట్లో ఫోన్‌లోని డిజిటల్ పాటని హెడ్‌ఫోన్ పలికే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డీఏసీ చిప్ ఉంటుంది, రెండోది లోపల ఉత్త తీగ. తీగది ఫోనే అనలాగ్ సిగ్నల్ ఇస్తే తప్ప పలకదు, చాలా ఫోన్లు ఇవ్వవు. ప్యాకెట్ మీద డీఏసీ అని ఉందో లేదో చూసుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కి బయటి పరికరాలు తగిలించే సదుపాయం) ఆన్ చేయాలి, లేకపోతే కాసేపటికి తనంతట తనే ఆగిపోతుంది. ఆపిల్ డాంగిల్ మంచిదే గానీ ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లకి దాని వాల్యూమ్ తక్కువ స్థాయిలో ఇరుక్కుపోతుంది, ఐఫోన్‌లో ఇచ్చినంత ఇవ్వదు. మీ ఫోన్‌కి వేరే డాంగిల్ చూసుకోండి.

ఇంకొకటి, డాంగిల్ గానీ ల్యాప్‌టాప్ జాక్ గానీ దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్ ఇచ్చే వైపు ఉండే నిరోధం, హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. 80 ఓమ్‌లకి 10 లోపు. మామూలు డీఏసీ డాంగిళ్లు ఈ హద్దులో బాగానే ఉంటాయి.

ల్యాప్‌టాప్‌లో వింటుంటే సన్నగా గుయ్యిమంటే ముందు చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే హెడ్‌ఫోన్‌లో ఏ లోపమూ లేదు, చార్జర్ లీకేజీ, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడమే కారణం. బ్యాటరీ మీద వినండి, ఎర్తింగ్ కూడా చూపించండి.

ఈ రెండు హెడ్‌ఫోన్లకీ వైరు 3 మీటర్లు ఉంటుంది. 560ఎస్ చివర 6.3 ఎం.ఎం. లావు పిన్ను ఉంటుంది, దాంతో వచ్చే మార్పిడి ముక్క బరువుకి ఫోన్ పోర్టు వదులైపోయే ప్రమాదం ఉంది. మార్పిడి ముక్కా డాంగిలూ బల్ల మీద ఆనేలా పెట్టుకోండి, వేలాడనీయకండి.

వైరు లేని బ్లూటూత్‌ది ఎందుకు కొనకూడదని మీకు ఎవరైనా అంటే, ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి దానివల్ల ఒరిగేది తక్కువ. వాటిలో వచ్చే నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి చప్పుడుని ఎలక్ట్రానిక్‌గా రద్దు చేసే ఏర్పాటు) మాత్రం ఫ్యాన్, మోటారు లాంటి ఆగని కింది స్వరాల హోరుని నిజంగానే తగ్గిస్తుంది, క్లోజ్డ్ బ్యాక్ చేయలేని పని అది. కానీ లోపలి బ్యాటరీ కొన్నేళ్లకి నీరసపడుతుంది. నాలుగు కాలాలు ఉండాలన్నారు కాబట్టి వైరుదే మేలు.


లంకతోట, రాజోలు

అందరికీ ధన్యవాదాలండి. వేసవిలో ఇక్కడ ఫ్యాన్ తగ్గించి కూర్చోవడం జరిగే పని కాదు, పెడస్టల్ ఫ్యాన్ పెట్టినా ఏరేటర్ల హోరు ఎలాగూ ఉంటుంది. క్లోజ్డ్ వైపే మొగ్గుతున్నాను, 770 ప్రో 80 ఓమ్‌లు. ఆ పదును సంగతి కాస్త చెప్పండి, ఈక్వలైజర్ ఎలా పెట్టాలి? ఇంకో అనుమానం. యూట్యూబ్‌లో కొన్ని పాత పాటలకి గొంతు ఒక పక్కే వస్తోంది, ఇంకొన్నిటికి నూతిలోంచి వచ్చినట్టుంది. మంచి హెడ్‌ఫోన్ పెడితే ఇవి బాగుపడతాయా?


వీణాతంతి, ద్రాక్షారామం

బాగుపడవండి, ఇంకా స్పష్టంగా బయటపడతాయి. ఈ మాట కొనకముందే తెలుసుకోవడం మంచిది.

మీరు వినే కాలపు పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి. మోనో అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం. హెడ్‌ఫోన్‌లో అది సరిగ్గా తల మధ్యలో, ఒక గీతలా వినిపించాలి. అలా వినిపిస్తే అదే సరైనది, హెడ్‌ఫోన్ ఇరుగ్గా ఉందని అనుకోవద్దు. నూతిలోంచి వచ్చినట్టున్నవి తర్వాత ఎవరో కృత్రిమంగా స్టీరియో చేసినవి. మోనోకే ప్రతిధ్వని కలిపి, కొన్ని స్వరాలు ఎడమకీ కొన్ని కుడికీ నెట్టి, ఆ రూపంలో ఎక్కిస్తారు. స్పీకర్లో పెద్దగా తెలియదు, హెడ్‌ఫోన్‌లో గొంతు చెదిరిపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. గొంతు ఒక పక్కే వచ్చేవాటికి పూర్తిగా పనిచేస్తుంది, కృత్రిమ స్టీరియోకి చాలావరకు పనిచేస్తుంది. కలిపిన ప్రతిధ్వని మాత్రం పోదు. అలాంటప్పుడు అదే పాటకి ఇంకో అప్‌లోడ్ వెతుక్కోవడమే దారి. వీణ కచేరీలకి వచ్చేసరికి మోనో మళ్లీ ఆఫ్ చేయడం మరిచిపోకండి, కొన్ని స్టీరియో రికార్డింగులు ఉంటాయి.

ఈక్వలైజర్‌కి ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్ సరిపోతుంది. హెడ్‌ఫోన్ మోడల్ పేరు కొడితే కొలతల ఆధారంగా తయారైన సవరణ తనే వేస్తుంది. దాన్ని వేసి ఒక వారం వినండి. మీకు నచ్చకపోతే అది తీసేసి, పట్టీల ఈక్వలైజర్‌లో 8 కిలోహెర్ట్జ్ పట్టీ ఒక్కటే 4 డెసిబెళ్లు దించండి. గొంతులో స, ష గుచ్చుకోవడం అక్కడితో చాలావరకు ఆగుతుంది. ఇంకా సుయ్ మనే హిస్ ఎక్కువుంటే 16 కిలోహెర్ట్జ్ పట్టీ కూడా దించొచ్చు. పాత పాటల్లో అంత పైన సంగీతం దాదాపు ఏమీ ఉండదు కాబట్టి పోయేది లేదు. 4 కిలోహెర్ట్జ్ జోలికి మాత్రం పోకండి. వీణ మీటు, గోటి తాకిడి, గాత్రంలో అక్షరాల మొదలు అంతా 2 నుంచి 5 మధ్యనే ఉంటాయి. హిస్ విసుగనిపించి అక్కడ కోసేస్తే ఈమని వారి వీణ దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. ఆయన 1922లో పుట్టింది ఈ ఊళ్లోనే, ఆ నాదం అలా మొద్దుబారి వినబడితే ప్రాణం ఒప్పదు.

కింది స్వరాలు పెంచకండి. 770కి ఎలాగూ కాస్త ఎక్కువే. పైగా గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించినవాటిలో పళ్లెం తిరిగే గుడగుడ, 50 హెర్ట్జ్ కరెంటు హమ్ అక్కడే ఉంటాయి. వాటిని పెంచి వినడమెందుకు? ఎప్పుడైనా ఏ పట్టీనైనా పైకి జరిపితే, అన్ని డెసిబెళ్లూ మొత్తం స్థాయిలో తగ్గించాలి. 3 పెంచితే ఈక్వలైజర్‌లో మొత్తం స్థాయిని మార్చే ప్రీయాంప్ మైనస్ 3. అలా చేయకపోతే గట్టిగా పలికే చోట శబ్దం చిట్లుతుంది, తప్పు హెడ్‌ఫోన్ మీద పడుతుంది.


టంకం, తణుకు

కొనేటప్పుడూ వచ్చాకా చూసుకోవాల్సినవి చెప్పి ముగిస్తాను.

అమ్మేవారి పేరు చూడండి, సైట్ పేరు ఒకటే చాలదు. బ్రాండ్ వాళ్ల వెబ్‌సైట్‌లో అధీకృత విక్రేతల జాబితాలో ఆ పేరు ఉండాలి. దిగుమతి సరుకు కాబట్టి పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి. ఉన్న లేబుల్ చట్టప్రకారం ఉండాలి. అది లేకపోతే వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. పార్శిల్ విప్పేటప్పుడు చిరునామా చీటీ నుంచి సీరియల్ నంబర్ దాకా ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి.

తర్వాత మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు నట్టనడుమ ఉండాలి. ఒక పక్కకి జరిగితే హెడ్‌ఫోన్ ఎడమా కుడీ మార్చి పెట్టుకోండి. గట్టిగా వినిపించే చెవి మారిపోతే తేడా హెడ్‌ఫోన్‌లో ఉంది, వాపసు పంపండి. అదే చెవిలో ఉండిపోతే తేడా చెవిలో ఉంది, గులిమి కావచ్చు, డాక్టర్‌కి చూపించుకోండి. మోనో ఆడియో స్విచ్ పక్కనే ఎడమ కుడి బ్యాలెన్స్ పట్టీ ఉంటుంది, అది మధ్యలో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే అంతా తప్పుదారి పడుతుంది.

యూట్యూబ్‌లో 20 నుంచి 200 హెర్ట్జ్ సైన్ స్వీప్, అంటే కింది నుంచి మెల్లగా పైకి జరిగే ఒకే స్వరం, దొరుకుతుంది. తక్కువ వాల్యూమ్‌లో పెట్టి వినండి. ఒక చోట జరజరమంటే డ్రైవర్ పొర మీద వెంట్రుకో దుమ్మో తగులుతోందన్నమాట. కొత్తదైతే విప్పకుండా వాపసు. వాడుతుండగా వస్తే ప్యాడ్ తీసి, కింద ఉన్న స్పాంజి ఎత్తి, వెంట్రుక కనబడితే చిమటాతో పైపైన తీయండి. గాలి క్యాను కొట్టకండి, ఊదకండి, పొర నలిగిపోతుంది. ఆఖర్న పాట మోగుతుండగా పిన్ను దగ్గరా కప్పు దగ్గరా వైరుని మెల్లగా అటూఇటూ వంచండి. కరకరమన్నా, ఒక పక్క ఆగినా తీసుకోవద్దు. 770కి వైరు కప్పులోకే అతికి ఉంటుంది, ఊడదీసే వీలు లేదు కాబట్టి ఈ పరీక్ష దానికి మరీ ముఖ్యం.


కొబ్బరాకు, పాలకొల్లు

తేమ సంగతి ఎవరూ పట్టించుకోలేదు గానీ మన వైపు హెడ్‌ఫోన్‌ని తినేది అదేనండి.

కృత్రిమ తోలు ప్యాడ్ల పై పొర పాలీయూరిథేన్. గాల్లో తేమ ఆ పదార్థపు బంధాలని కొంచెం కొంచెంగా తెంచేస్తుంది, వాడకపోయినా సరే. రెండేళ్లు గడిచేసరికి నల్లటి పొరలు లేచి మెడకి అంటుకోవడం మొదలవుతుంది. లోపలి స్పాంజికీ అదే గతి, పొడిలా రాలుతుంది. వెలూర్‌కి పొర లేవదు గానీ అది చెమట పీల్చుకుంటుంది, తడితో పెట్టెలో పెడితే బూజు ఖాయం. అందుకని విన్న వెంటనే మూయకండి. అరగంట ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి అప్పుడు పెట్టండి.

పెట్టేందుకు రబ్బరు అంచు ఉన్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, హెడ్‌ఫోన్ నలగకుండా పట్టేంతది. అందులో సిలికా జెల్ 100 గ్రాములు గుడ్డ సంచిలో వేయండి. తినుబండారాల ప్యాకెట్లలో వచ్చే చిన్న పొట్లాలు రెండు వేస్తే ఏ మూలకీ రాదు. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇల్లు కాబట్టి నారింజ రంగుది తీసుకోండి. రంగు మారాక సన్న సెగ మీద, వంటకి వాడని పాత పెనంలో వేడి చేస్తే మళ్లీ మొదటి రంగుకి వస్తుంది. చల్లారాకే డబ్బాలో వేయాలి.

కొబ్బరినూనె రాసుకున్న తలతో హెడ్‌ఫోన్ పెట్టకండి. నూనె ప్యాడ్‌లోకి ఇంకితే గుడ్డ అట్టకట్టి గాలి ఆడదు, తల మీది పట్టీ జిడ్డుకి పగులుతుంది. రాత్రి నూనె రాసుకునే అలవాటుంటే పట్టీకి పలచటి నూలు గుడ్డ చుట్టుకోండి. దోమల క్రీము ఇంకా ప్రమాదం. డీట్ ఉన్న క్రీములు కొన్ని ప్లాస్టిక్‌లని కరిగిస్తాయి. క్రీము రాసిన చేత్తో కప్పులు పట్టుకుంటే వేలిముద్రలు అక్కడే పడిపోతాయి, పోవు. చేతులు కడుక్కుని పట్టుకోండి.

వెలూర్ ప్యాడ్లు జిడ్డెక్కితే అంచు పట్టుకుని చుట్టూ మెల్లగా లాగితే ఊడొస్తాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, పిండకుండా వేళ్లతో ఒత్తి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించి, తువ్వాలు మధ్య ఒత్తి నీడన ఆరేయండి. వానాకాలంలో పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు, లోపలి స్పాంజి తడిగా ఉండగా ఎక్కించొద్దు. ప్యాడ్లు లేకుండా ఉన్నన్నాళ్లూ డ్రైవర్ల మీద శుభ్రమైన గుడ్డ కప్పి డబ్బాలోనే ఉంచండి.

పిన్ను మెరుపు తగ్గి నల్లబడినా, తిప్పితే కరకరమన్నా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ఉప్పుగాలి ఊళ్లలో నెలకోసారి తుడవడం మంచిది. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి ఇంకా తొందరగా నల్లబడుతుంది.